బడి ప్రదర్శన కోసం 3 మీటర్ల మీటర్ గేజ్ పట్టా వేస్తున్నాం – నిజాం రైల్వే కొలతలు, గుర్తులు, టోకెన్ వివరాలు కావాలి

ఇందూరు_బడి:

అందరికీ నమస్కారం. నిజామాబాద్‌లో ఒక బడి ఆవరణలో సికింద్రాబాద్–మన్మాడ్ చిన్న లైను (మీటర్ గేజ్, అంటే రెండు పట్టాల మధ్య ఒక మీటరు దూరం) గురించి శాశ్వత ప్రదర్శన పెడుతున్నాం. ఇప్పటి పిల్లలకు పెద్ద లైను (బ్రాడ్ గేజ్) తప్ప తెలియదు. కామారెడ్డి, బాసర, ముద్ఖేడ్ మీదుగా పొగబండి వెళ్లిన పట్టా ఎంత సన్నగా ఉండేదో వాళ్లు పక్కన నిలబడి చూడాలన్నది ఆలోచన.

మా దగ్గర పాత పట్టా ముక్క ఒకటి ఉంది. పొడవు సరిగ్గా 3 అడుగులు, బరువు 26 కిలోలు. ఎత్తు 11.2 సెం.మీ., పాదం వెడల్పు 10.9 సెం.మీ. పక్కన తుప్పు కింద ‘60’, దాని తర్వాత ‘ఆర్’ లాంటి అక్షరం కనిపిస్తున్నాయి. మిగతాది చదవడానికి రావడం లేదు.

అడగాల్సినవి ఇవి. ఈ ముక్క నిజాం కాలంనాటిదేనా? 3 మీటర్ల లైను వేయాలంటే స్లీపర్లు (పట్టాల కింద అడ్డంగా పరిచే దుంగలు) ఎన్ని, ఎంత దూరంలో? టోకెన్ రింగు నమూనా పెడితే దాని పక్కన ఏం రాయాలి? తెల్లవారి బండికి ఇంజిన్ ఎప్పుడు రాజేసేవారు? బోర్డు మీద ‘1874 నుంచి మన ఊరి రైలు’ అని, ఇంజిన్ బొమ్మ మీద ‘ఎన్.ఎస్.ఆర్.’ (నిజాం స్టేట్ రైల్వే) అని రాయిద్దామనుకుంటున్నాం. సరేనా?

పట్టా_కొలత:

చాలా మంచి పని పెట్టుకున్నారు. ముక్క సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే జవాబు మీ కొలతల్లోనే ఉంది.

3 అడుగులంటే ఒక గజం. పాత పట్టాలకు పేరు పెట్టిందే గజానికి ఎన్ని పౌండ్ల బరువు అన్న లెక్కతో. మీ 26 కిలోలు 57 పౌండ్ల పైచిలుకు. కాబట్టి అది 60 పౌండ్ల పట్టా, కాస్త అరిగింది. కొత్తగా ఉన్నప్పుడు ఆ ముక్క 27.2 కిలోలు తూగాలి, అంటే పోయింది 4 శాతానికి కొంచెం ఎక్కువ. మీటర్ గేజ్‌లో 60ఆర్ పట్టా బరువులో 3.25 శాతం తగ్గితే మార్చాలని నిబంధన. పడి ఉన్నప్పుడు పట్టిన తుప్పు కూడా ఇందులో ఉంటుంది గానీ, ఎత్తు చూడండి: 60ఆర్ అసలు ఎత్తు 114.3 మి.మీ., మీది 112. తల మీద 2 మిల్లీమీటర్లకు పైగా చక్రాలు తినేశాయి. ఇది గోదాములో మిగిలిపోయిన సరుకు కాదు, బండ్లు నడిచి నడిచి అరిగిన పట్టా. ఈ మాట బోర్డు మీద తప్పకుండా రాయండి, పిల్లలు వేలితో తడిమి చూస్తారు.

పోల్చుకోవడానికి ఎత్తు, పాదం, తల వెడల్పు మిల్లీమీటర్లలో ఇస్తున్నాను. 60ఆర్: 114.3, 109.5, 57.2. 75ఆర్: 128.6, 122.2, 61.9. పెద్ద లైను 90ఆర్: 142.9, 136.5, 66.7. తల అరుగుతుంది, పాదం అరగదు. అందుకే అనుమానం వస్తే పాదం కొలతనే నమ్మాలి.

ఇక కాలం. ‘ఆర్’ అంటే సవరించిన బ్రిటిష్ ప్రమాణం. ఆ ప్రమాణాలు రాసే సంఘమే 1901లో పుట్టింది, సవరణ ఆ తర్వాతది. మన లైను 1899–1901 మధ్య వేశారు. కాబట్టి మొదట పరిచిన పట్టా ఇది కానే కాదు, తర్వాత మార్చినప్పుడు వచ్చింది. నిజాం కాలమా, ఆ తర్వాతదా అన్నది తేలాలంటే నడుము (తలకూ పాదానికీ మధ్య నిలువు భాగం) మీది అక్షరాలు చదవాల్సిందే.

ఆ అక్షరాలు చెక్కినవి కావు, ఉబ్బెత్తుగా వచ్చినవి. పట్టా ఎర్రగా కాగి ఉన్నప్పుడు రోలర్‌లోని గాడి వల్ల పైకి తేలతాయి. అందుకే గ్రైండర్ పెట్టొద్దు, తుప్పుతో పాటు అక్షరం కూడా పోతుంది. యాసిడ్ కూడా వద్దు, అది అక్షరాల అంచులు తినేసి మరింత మసక చేస్తుంది. కిరోసిన్ పూసి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున ఇనుప తీగల బ్రష్‌తో చేత్తోనే రుద్ది గుడ్డతో తుడవండి. చీకటి గదిలో టార్చిని నడుముకు దాదాపు ఆనించి, పక్క నుంచి వెలుతురు వేయండి, అక్షరాల నీడలు లేస్తాయి. అప్పటికీ రాకపోతే పల్చని కాగితం పరిచి మెత్తని పెన్సిల్ అడ్డంగా పెట్టి రుద్దండి, నాణెం అచ్చు తీసినట్టే. ఈ గుర్తు పట్టా పొడవునా రెండు మూడు మీటర్లకోసారి వస్తుంది కాబట్టి గజం ముక్కలో సగమే దొరకొచ్చు. రెండో వైపు వేరుగా అంకెలు ఉంటే అవి ఉక్కు కాచిన విడత సంఖ్య, సంవత్సరం అనుకోవద్దు.

చదివాక: ‘టాటా’ అని ఉంటే 1912 తర్వాతది, అంతకు ముందు జంషెడ్‌పూర్‌లో ఉక్కే రాలేదు. ‘భిలాయి’ అని ఉంటే నిజాం కాలం కాదు, ఆ కర్మాగారం 1959లో మొదలైంది. కొన్ని పట్టాల మీద కొన్న రైల్వే పేరు పొడి అక్షరాలు కూడా ఉంటాయి. ‘ఎన్.జి.ఎస్.ఆర్.’ (నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే) అయితే 1930కి ముందు, ‘ఎన్.ఎస్.ఆర్.’ అయితే 1930–51.

ఒక జాగ్రత్త. రైల్వే ఆస్తి అక్రమంగా దగ్గర ఉంచుకోవడం మీద 1966 నాటి చట్టం ఉంది. వేలంలో కొన్నవారి రసీదు నకలు గానీ, రైల్వే ఇచ్చిన ఉత్తరం గానీ బడి ఫైల్లో పెట్టండి. ఇంకో రెండు పొడవు ముక్కలు సంపాదించేటప్పుడు ముందు కాగితం, తర్వాత ఇనుము.

లైను వేయడం రేపు రాస్తాను.

లైన్‌క్లియర్:

టోకెన్ సంగతి నేను చెప్తాను. అందరూ రింగును చూపించి ‘ఇదే టోకెన్’ అంటారు. కాదు. రింగు, దానికి కుట్టిన తోలు సంచి రెండూ మోత సామాను మాత్రమే. టోకెన్ అంటే సంచిలో ఉండే ఉక్కు గోళం. ఒంటి లైన్ల మీద మన దేశంలో ఎక్కువగా వాడింది నీల్స్ బాల్ టోకెన్ యంత్రం. ఆ గోళం చేతిలో లేకుండా డ్రైవరు స్టేషన్ దాటకూడదు.

పని ఇలా సాగేది. రెండు స్టేషన్లలో రెండు యంత్రాలు, మధ్యలో కరెంటు తీగ. బండి పంపాల్సిన స్టేషన్ మాస్టరు గంట కొట్టి అవతలి మాస్టరును అడుగుతాడు. లైను ఖాళీగా ఉంటే అవతలి మాస్టరు తన యంత్రం పిడిని ‘బండి వస్తోంది’ వైపు తిప్పి పట్టుకుంటాడు. అప్పుడే ఇవతలి పిడి ‘బండి వెళ్తోంది’ వైపు తిరుగుతుంది, ఒక గోళం బయటికి జారుతుంది. అది బయట ఉన్నంతసేపు రెండు యంత్రాలూ బిగిసిపోయి ఉంటాయి, ఎటునుంచీ రెండో గోళం రాదు. బండి అవతల చేరి, ఆ గోళాన్ని అక్కడి యంత్రంలో వేసి, ఇద్దరూ కలిసి ‘లైను మూసి ఉంది’ స్థితికి తెస్తేనే మళ్లీ కదలిక. ఎదురెదురు బండ్లు ఒకే పట్టా మీదికి రాకుండా కాపాడింది ఈ గుప్పెడు ఉక్కు.

గోళాల మీద గాడులు ఉంటాయి. ఆ గాడి అమరికలో ఏ, బీ, సీ, డీ అని నాలుగు రకాలు. పక్కపక్క సెక్షన్లకు (సెక్షన్ అంటే రెండు స్టేషన్ల మధ్య లైను) వేర్వేరు రకం ఇస్తారు, కాబట్టి ఒక సెక్షన్ గోళం పక్క సెక్షన్ యంత్రంలో దూరదు. దాని మీద రెండు స్టేషన్ల పేర్లు కూడా చెక్కి ఉంటాయి. డ్రైవరు సంచి విప్పి ఆ పేర్లు చదవాలి. చదవకుండా బయల్దేరడమే ఈ పద్ధతిలో అతి పెద్ద తప్పు.

ఆగని బండికి రింగు అందించడం: పాత సెక్షన్ రింగును ఫైర్‌మన్ (ఇంజిన్‌లో బొగ్గు వేసే మనిషి) ముందు కింద వదిలేస్తాడు, తర్వాత పాయింట్స్‌మన్ (స్టేషన్‌లో పట్టాలు మార్చే మనిషి) ఎత్తి పట్టుకున్న కొత్త రింగులోకి చెయ్యి దూర్చి భుజం దాకా లాక్కుంటాడు. వేళ్లతో పట్టుకోడు. వేళ్లతో పట్టుకుంటే బండి ఊపుకు మణికట్టు విరుగుతుంది. మీ నమూనా రింగు చిన్నదిగా చేయొద్దు, పెద్దవాళ్ల చెయ్యి భుజం దాకా సులువుగా దూరాలి. బెత్తంతో చేయించండి, పిడి పొడవుగా ఉండాలి, సంచి పిడి మొదట్లో ఉండాలి. రాత్రిపూట రింగు కనపడాలని పక్కన దివిటీ వెలిగించేవారు.

ఇబ్బందులు రెండు రకాలు. ఒకటి, అందుకోలేక గోళం కింద పడటం. బండి ఆపి వెతకాల్సిందే, వేరే దారి లేదు. రెండోది మరీ చికాకు: పాత గోళాన్ని వదలడం మర్చిపోయి ముందు స్టేషన్‌కు మోసుకుపోవడం. వెనక సెక్షన్ యంత్రాలు రెండూ బిగిసిపోతాయి. ఆ గోళం ట్రాలీ మీదో, ఎదురు బండిలోనో తిరిగొచ్చేదాకా కాగితం మీద లైన్ క్లియర్ (ముందు లైను ఖాళీ అన్న అనుమతి) రాసి బండ్లు నడపాలి. పైగా ఒకవైపు బండ్లు ఎక్కువ నడిస్తే గోళాలన్నీ ఒక చివర పోగవుతాయి. అప్పుడు సిగ్నల్ మెయింటెయినర్ వచ్చి, తాళం తీసి, లెక్కరాసి కొన్నింటిని ఇటు తెచ్చి వేయాలి.

నిప్పు_నీరు:

ఇంజిన్ రాజేయడం గురించి. 1950ల తర్వాత మీటర్ గేజ్‌లో రెండు రకాలు రాజ్యమేలాయి. ప్యాసింజరుకు వైపీ, గూడ్సుకు వైజీ. వైపీ నడిపే చక్రం వ్యాసం 1372 మి.మీ., వైజీది 1219. పెద్ద చక్రానికి వేగం, చిన్న చక్రానికి లాగుడు. వైపీ బాయిలర్ ఒత్తిడి చదరపు అంగుళానికి 210 పౌండ్లు.

పూర్తిగా చల్లారిన ఇంజిన్‌కు ఆరు నుంచి ఎనిమిది గంటలు కావాలి. ఉదయం 6కి బండి అంటే రాత్రి పదింటికే షెడ్డులో పని మొదలు. మొదట నీటి అద్దంలో మట్టం చూడాలి, అగ్గి తర్వాత. ఫైర్‌బాక్స్ (బొగ్గు మండే గది) పైకప్పులో సీసం నింపిన బిరడా ఉంటుంది. నీళ్లు తగ్గి పైకప్పు బయటపడితే సీసం కరిగి ఆవిరి అగ్గి మీద పడుతుంది, అదే చివరి హెచ్చరిక. జాలీ (బొగ్గు మండే ఇనుప చట్రం) మీద బూడిద దులిపి, బొగ్గు పల్చగా పరిచి, మీద కట్టెలు, నూనె గుడ్డలు వేసి రాజేస్తారు. తొందరపడకూడదు. ఒక్కసారి మంట పెంచితే బాయిలర్ భాగాలన్నీ ఒకే తీరున సాగక గొట్టాల చివర్లు కారడం మొదలవుతుంది. తొందరలో మిగిలిన గంట తర్వాత షెడ్డులో మూడు రోజులు తింటుంది.

మన వైపు ముఖ్యమైన కష్టం బొగ్గు. సింగరేణి బొగ్గులో బూడిద ఎక్కువ. అది కరిగి జాలీ మీద గట్టి చిట్టెంలా పేరుకుంటుంది. గాలి అందదు, ఒత్తిడి పడిపోతుంది. పొడవాటి ఇనుప కొక్కెంతో పగలగొట్టి లాగాలి. చిమ్నీ పొగే లెక్క చెప్తుంది. చిక్కటి నల్ల పొగ అంటే బొగ్గు ఎక్కువ, గాలి తక్కువ. పొగే లేకపోతే మంటలో ఎక్కడో చిల్లు పడి చల్లగాలి దూరుతున్నట్టు. లేత బూడిద రంగు పొగ మంచి ఫైర్‌మన్ చేతి గుర్తు.

రెండో కష్టం నీళ్లు. దక్కను నీళ్లు గట్టివి. సున్నం పేరుకుంటుంది, మురికి ఎక్కువైతే బాయిలర్‌లో నురగ లేచి ఆవిరితో పాటు నీళ్లు సిలిండర్‌లోకి పోతాయి. నీరు నలగదు కాబట్టి సిలిండర్ మూత పగలొచ్చు. అందుకే దారిలో బాయిలర్ అడుగున చేరిన మురికి నీళ్లు వదిలేస్తూ ఉంటారు. ఆ బుస్సుమనే శబ్దం పక్కన బోర్డు మీద ‘ఆవిరి వృథా’ అని రాయకండి, అది బాయిలర్‌కు స్నానం.

అణా_పైసా:

బోర్డు మాటలు సరిచేయాలి. 1874 సికింద్రాబాద్–వాడి పెద్ద లైను సంవత్సరం. నిజామాబాద్‌కు దానితో సంబంధం లేదు. 1883లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ ఏర్పడింది, 1889కి పెద్ద లైను బెజవాడ చేరింది. మీ ఊరి లైను పేరు హైదరాబాద్–గోదావరి వ్యాలీ రైల్వే. 391 మైళ్లు, మీటర్ గేజ్, 1901కి పూర్తి. 1930 ఏప్రిల్ 1న నిజాం ప్రభుత్వం కంపెనీని కొనేసింది, ‘గ్యారంటీడ్’ మాట పోయి నిజాం స్టేట్ రైల్వే అయింది. 1951 నవంబరు 5న సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. 1978 ఫిబ్రవరిలో సికింద్రాబాద్ డివిజన్‌ను విడగొట్టి హైదరాబాద్ డివిజన్ చేశారు, మన చిన్న లైను దాని కిందికే వచ్చింది.

కాబట్టి వైపీ ఇంజిన్ బొమ్మ మీద ‘ఎన్.ఎస్.ఆర్.’ రాస్తే తప్పు. టెల్కో (టాటాల ఇంజిన్ల కంపెనీ) వైపీలు కట్టడం మొదలుపెట్టిందే 1956లో, అప్పటికి నిజాం రైల్వే లేదు. వైపీ బొమ్మే పెట్టాలనుకుంటే సెంట్రల్ రైల్వే గానీ, దక్షిణ మధ్య రైల్వే గానీ రాయండి.

చిన్న లైను విలువ చెప్పాలంటే పటం ఒకటి గీయండి. పూర్ణ నుంచి హింగోలి, అకోలా, ఖండ్వా, అజ్మీర్ మీదుగా జైపూర్. ఇటు సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్, కర్నూలు, ద్రోణాచలం, గుంతకల్లు మీదుగా బెంగళూరు. ఇదంతా ఒకే గేజ్, మధ్యలో సరుకు మార్చే పని లేదు. మన్మాడ్‌లో మాత్రం ఆ గొలుసు తెగేది. పర్భణీ, జాల్నా పత్తి బేళ్లు బొంబాయి చేరాలంటే అక్కడ చిన్న వ్యాగన్ నుంచి దింపి పెద్ద వ్యాగన్‌కు ఎక్కించాలి. బేళ్ల తాళ్లు తెగడం, వానలో తడవడం, లెక్క తప్పడం అన్నీ ఆ ప్లాట్‌ఫారం మీదే. గేజ్ మార్చాల్సి రావడానికి ఇదే అసలు కారణం.

పాత అట్ట టికెట్లు ఎవరైనా తెస్తే: ఛార్జీ పక్కన ‘ఓ.ఎస్.’ అని ఉంటే అది ఉస్మానియా సిక్కా, నిజాం రాజ్యపు సొంత రూపాయి. 100 బ్రిటిష్ రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైలు (అణాకు 12 పైలు). అణాల్లో ఛార్జీ ఉన్న టికెట్ ఏదైనా 1957 ఏప్రిల్‌లో నయా పైసలు రాకముందుదే. టికెట్లను లామినేషన్ చేయించొద్దు, వేడికి అచ్చు సిరా పాడవుతుంది.

మరో మాట: 1932 జూన్‌లో 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది ఈ రైల్వేనే. మన ఆర్టీసీ మూలం అది. పిల్లలకు ఇది తెలిస్తే రోజూ ఎక్కే బస్సును వేరే కళ్లతో చూస్తారు.

ఇందూరు_బడి:

అందరికీ చేతులెత్తి దండం. టార్చి పద్ధతిలో ‘టాటా’ అన్న మాట వచ్చింది, సంవత్సరం ‘19’ దగ్గరే ముక్క తెగింది. బోర్డు 1901గా మార్చాం. ఇంక పట్టా వేయడం మిగిలింది. ఇంకో విషయం, ‘టకటక… టకటక’ శబ్దం స్పీకరులో వినిపిద్దామనుకుంటున్నాం. ఎంత వేగంతో పెట్టాలి?

పట్టా_కొలత:

3 మీటర్ల 60ఆర్ ముక్క 89 కిలోలు. రెండూ కలిపి 180 కిలోల లోపు. ఒక్కో ముక్కకు నలుగురు కావాలి, పిల్లలతో మోయించొద్దు.

మీటర్ గేజ్ పట్టా పొడవు 12 మీటర్లు. దాని కింద స్లీపర్ల లెక్కకు ‘ఎం’ కి ఇన్ని కలపాలి అంటారు, ఎం అంటే పట్టా పొడవు మీటర్లలో. ఎం+4 తీసుకుంటే పట్టాకు 16 స్లీపర్లు, సగటున 75 సెం.మీ.కి ఒకటి. మీ 3 మీటర్లకు నాలుగు. మధ్య గీతలు ఒక చివర నుంచి 37.5, 112.5, 187.5, 262.5 సెం.మీ. దగ్గర గుర్తు పెట్టుకోండి. కర్ర స్లీపరు 180 సెం.మీ. పొడవు, 20 వెడల్పు, 11.5 మందం.

గేజ్ కొలవడంలోనే అందరూ తప్పుతారు. 1000 మి.మీ. అన్నది పట్టా మధ్య నుంచి మధ్యకు కాదు, తలల లోపలి అంచుల మధ్య. మధ్య నుంచి మధ్యకు కొలిచి బిగిస్తే మీ లైను 57 మి.మీ. ఇరుకవుతుంది. సరిగ్గా 1000 మి.మీ. కోసిన ఇనుప కడ్డీ ఒకటి పెట్టుకుని ప్రతి స్లీపర్ దగ్గరా దూర్చి చూడండి. ముందు ఒక పట్టా పూర్తిగా బిగించి, దాన్ని ఆధారం చేసుకుని రెండోది బిగించాలి. రెండూ ఒకేసారి బిగిస్తే ఏది సరైందో తెలియదు.

మేకులు: ప్రతి పట్టాకు స్లీపరు మీద రెండు డాగ్ స్పైకులు, లోపల ఒకటి, బయట ఒకటి. రెండూ ఎదురెదురుగా కొట్టకూడదు, కర్ర నిలువునా చీలుతుంది. లోపలివి రెండూ స్లీపరు ఒక అంచు వైపు, బయటివి రెండూ రెండో అంచు వైపు. అలా కొడితే స్లీపరు పక్కకు తిరగదు. ముందు మేకు కంటే సన్నని రంధ్రం వేసుకోండి. ఎండిన కర్రలో నేరుగా కొడితే పగులుతుంది.

శబ్దానికి లెక్క చక్కగా కుదురుతుంది. 12 మీటర్ల పట్టాల మీద 43 సెకన్లలో ఎన్ని అతుకులు వినిపిస్తే గంటకు అన్ని కిలోమీటర్ల వేగం. గంటకు 40 కి.మీ. అనుకుంటే 43 సెకన్లలో 40 అతుకులు, అంటే ఒక అతుకుకు, తర్వాతి అతుకుకు మధ్య 1.08 సెకను. బోగీ చివర ఉన్న చట్రానికి రెండు ఇరుసులు కాబట్టి ప్రతి అతుకు దగ్గరా రెండు దెబ్బలు వెంటవెంటనే, తర్వాత ఖాళీ. ఇంటర్నెట్‌లో దొరికే పెద్ద లైను రికార్డింగ్ పెడితే 13 మీటర్ల పట్టా లెక్క వస్తుంది, 47 సెకన్లు. మీ బడిలో 43కే పెట్టండి. గోడ గడియారం పక్కన వేలాడదీస్తే పిల్లలు తామే లెక్కపెట్టుకుని వేగం చెప్తారు.